డల్లాస్ నుంచి మెడెయిన్: ఇద్దరికి ఎనిమిది రాత్రులు, లక్షా ఇరవై వేలలో అవుతుందా?

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)

అందరికీ నమస్కారం. ఆగస్టులో నేను, మా ఆవిడ డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడి దగ్గరికి పోతున్నాం. ఇద్దరికీ అమెరికా బి1/బి2 (సందర్శకుల) వీసా ఉంది, ఇంకా నాలుగేళ్ళు చెల్లుతుంది. అంత దూరం పోయినాక దక్షిణ అమెరికాలో ఒక్క ఊరన్నా చూసి రావాలని మనసు. కొలంబియాలోని మెడెయిన్ అనుకుంటున్నాం. ఎనిమిది రాత్రులు. డల్లాస్ నుంచి రానూపోనూ విమానం ఖర్చు పక్కన పెట్టి, అక్కడ దిగినప్పటి నుంచి తిరిగి ఎక్కేదాకా ఇద్దరికీ కలిపి 1,20,000 రూపాయలు దాటకూడదు.

తెలియాల్సినవి ఇవి. మనకు కొలంబియా వీసా విడిగా కావాలా? బస ఏ పేటలో? మా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు, తిండి దొరుకుతుందా? వాళ్ళకు ఇంగ్లీషు రాదంటారు, నిజమా? తమ్ముడు కూడా వస్తానంటున్నాడు. వాడు హెచ్1బి (ఉద్యోగ వీసా) మీద ఉన్నాడు, స్టాంపింగ్, అంటే పాస్‌పోర్ట్‌లోని వీసా ముద్ర, గడువు అయిపోయి ఏడాదైంది, ఎక్స్‌టెన్షన్ కాగితం ఉంది. వాడితో ఏమైనా ఇబ్బందా?

వివరంగా చెప్పేవాళ్ళు చెప్పండి. "సూపర్ ఊరు అన్నా, పోయిరా" అనే కామెంట్లు వద్దు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

ముందు తమ్ముడి సంగతి, అదే పెద్దది. ఆయన రాకూడదు. స్టాంపింగ్ గడువు తీరినా ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం) చేతిలో ఉంటే తిరిగి రానిచ్చే వెసులుబాటు ఒకటుంది గానీ, అది కెనడా, మెక్సికోలకు ముప్పై రోజుల లోపు వెళ్ళొచ్చే వాళ్ళకే. కొలంబియా అందులో లేదు. అమెరికా విమానం ఎక్కేటప్పుడే చెల్లే వీసా ఏదని అడుగుతారు, ఎక్స్‌టెన్షన్ కాగితం ఒక్కటే చూపితే ఎక్కనివ్వరు. అక్కడే కాన్సులేట్‌లో స్టాంపింగ్ చేయించుకుందామనే ఆలోచన అసలు పెట్టుకోవద్దు. అపాయింట్‌మెంట్ దొరికి, పాస్‌పోర్ట్ చేతికొచ్చేదాకా ఉద్యోగం గాల్లో ఉంటుంది. పైగా కొలంబియాలో దిగడానికి కూడా చెల్లే వీసానే చూస్తారు.

మీ ఇద్దరికి మార్గం సులువు. అమెరికా వీసా ఉన్న భారతీయులకు కొలంబియా విడిగా వీసా అడగదు. షెంగెన్ (ఐరోపా దేశాల ఉమ్మడి) వీసా ఉన్నవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. షరతు ఒక్కటే: మీరు అక్కడ దిగే రోజు నాటికి ఆ వీసాకు ఇంకా కనీసం 180 రోజులు గడువు ఉండాలి. మీకు నాలుగేళ్ళు ఉంది కాబట్టి చింత లేదు. దిగాక 90 రోజుల దాకా ఉండనిస్తారు. వీసా పాత పాస్‌పోర్ట్‌లో ఉంటే రెండు పాస్‌పోర్టులూ పట్టుకోండి. ఈ నిబంధనలు మారుతుంటాయి, టికెట్ కొనే ముందు కొలంబియా విదేశాంగ శాఖ సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

ఎక్కేచోట చెక్-ఇన్ కౌంటర్‌లో తికమక పడొచ్చు. ఇండియా పాస్‌పోర్ట్ చూడగానే "కొలంబియా వీసా ఏది" అని అడుగుతారు, ఈ మినహాయింపు అందరికీ గుర్తుండదు. గొడవ పడకుండా "టిమాటిక్‌లో చూడండి" అనండి. అది విమాన సంస్థలన్నీ వాడే నిబంధనల పట్టిక, అందులో స్పష్టంగా ఉంటుంది. దీనికోసం గంట ముందు కాదు, మూడు గంటల ముందు కౌంటర్ దగ్గర ఉండండి.

కొలంబియా ఇమ్మిగ్రేషన్ వాళ్ళ చెక్-మిగ్ అనే ఆన్‌లైన్ ఫారం ఒకటి నింపాలి. విమానానికి 72 గంటల ముందు నుంచి ఒక గంట ముందు వరకూ తెరిచి ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. పైసా కట్టనక్కర్లేదు. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే కొన్ని సైట్లు ముప్పై, నలభై డాలర్లు అడుగుతాయి, అవి దళారీలవి. అడ్రసు చివర జీఓవీ డాట్ సీఓ ఉన్నదే ప్రభుత్వానిది.

మన వాళ్ళకు ఇంకో చిక్కు పేరుతో. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉంటే అమెరికా వీసాలో పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. టికెట్‌లో, చెక్-మిగ్‌లో తలా ఒక రకంగా రాస్తే కౌంటర్‌లో ఆపుతారు. డల్లాస్ టికెట్‌లో ఎలా ఉందో అన్నిచోట్లా అలాగే రాయండి.

ఇప్పుడు చాలామంది మరిచిపోయేది: ఎల్లో ఫీవర్ టీకా. కొలంబియా వాళ్ళు మెడెయిన్‌కి అడగరు, అడిగేది మన దేశం. కొలంబియా ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉంది. అక్కడి నుంచి బయలుదేరిన ఆరు రోజుల లోపు ఇండియాలో దిగితే టీకా కార్డు చూపాలి. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం విమానాశ్రయ ఆరోగ్య అధికారులకు ఉంది. మీరు మెడెయిన్ నుంచి డల్లాస్‌కి వచ్చి వారం పైన ఉండి ఇండియాకి వస్తే ఆ ఆరు రోజుల నిబంధన మీకు తగలదు. అయినా టీకా వేయించుకోవడమే మేలు. 2025 ఏప్రిల్‌లో కొలంబియా ప్రభుత్వం ఈ జ్వరం గురించి అత్యవసర పరిస్థితి ప్రకటించింది, ఇది కాగితం కోసం వేసుకునే టీకా మాత్రమే కాదు.

ఇది మామూలు ఆసుపత్రిలో వేయరు, కేంద్రం అనుమతి ఇచ్చిన చోట్లే వేస్తారు. అనంతపురం వాళ్ళకు బెంగళూరు దగ్గర, మాకు హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). వయల్ (టీకా సీసా) ఒకటి తెరిస్తే కొన్ని గంటల్లోనే వాడేయాలి, అందుకే వారంలో కొన్ని రోజులే, కొంతమందిని పోగేసి వేస్తారు. ముందే కనుక్కోకుండా పొద్దున్నే బస్సెక్కి పోతే ఊరికే తిరిగి రావాల్సి వస్తుంది. వేసిన పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. కార్డులో పాస్‌పోర్ట్ నంబరు సరిగ్గా రాశారో లేదో అక్కడే చూసుకోండి. అరవై దాటినవాళ్ళు, గుడ్డు అలర్జీ ఉన్నవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా వేయించుకోకూడదు.

పెన్న_ఒడ్డు (కడప జిల్లా)

కాగితాల సంగతి బురుజు అన్న బాగా చెప్పాడు. నేను డబ్బు, బస, తిరుగుడు చెప్తా.

లెక్కకు సులువు: అక్కడి డబ్బు పెసో, ధరలో చివరి మూడు సున్నాలు కొట్టేసి 23తో గుణించండి, రూపాయలు వస్తాయి. అంటే 20,000 పెసోల భోజనం సుమారు 460 రూపాయలు. రేటు అటూ ఇటూ అవుతుంది గానీ 22 నుంచి 24 మధ్య అనుకుంటే బడ్జెట్ తప్పదు.

ఆగస్టు అన్నారు, తేదీలు చెప్పలేదు. ఆగస్టు మొదట్లో అక్కడ పూల జాతర, ఫెరియా దె లాస్ ఫ్లోరెస్. సిల్యెతెరోలంటే కొండ ఊళ్ళ రైతులు, పూలతో కట్టిన పెద్ద పెద్ద తట్టలు వీపున మోసుకుంటూ ఊరేగుతారు. చూడాల్సిందే, కాదనను. కానీ ఆ వారం గది అద్దె బాగా పెరుగుతుంది, మంచివి నెలల ముందే నిండిపోతాయి. జాతర కోసమే పోతే ఇప్పుడే గది పట్టుకోండి. కాదంటే ఆగస్టు మూడో వారం తర్వాత పోండి. సెప్టెంబర్ నడిమి నుంచి వానలు ముదురుతాయి, అక్టోబర్‌లో ఎక్కువ. ఊరు సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఏడాది పొడుగునా పగలు 27, 28 డిగ్రీలు, రాత్రి 17, 18. ఏసీ గదికి ఎక్కువ డబ్బు పెట్టొద్దు, అవసరం రాదు.

బస: ఎవరిని అడిగినా ఎల్ పొబ్లాదో అంటారు. నేను వద్దంటా. టూరిస్టుల ధరలు, రాత్రి మూడింటి దాకా పాటలు, పైగా కొండ వాలు. మెట్రో స్టేషన్ అడుగున ఉంటుంది, హోటళ్ళు పైన ఉంటాయి, ఎక్కలేక ప్రతిసారీ క్యాబ్ పిలుస్తారు, ఆ ఖర్చు ఎవరూ లెక్కలో వేసుకోరు. లౌరెలెస్ చూడండి. చదునైన నేల, చెట్ల నీడ, మామూలు కుటుంబాలు ఉండే పేట. ఎస్తాదియో మెట్రో స్టేషన్‌కి పది నిమిషాల నడక లోపు ఉండేలా గది వెతకండి. ఇద్దరికి విడి బాత్రూంతో శుభ్రమైన గది 1,20,000 నుంచి 1,80,000 పెసోలకు దొరుకుతుంది. సందడి కావాలంటే పక్కనే 70వ వీధి ఉంది, సాయంత్రం పూట సల్సా బార్లు. నిద్ర కావాలనుకుంటే గది మాత్రం ఆ వీధి మీద తీసుకోవద్దు. సెంట్రోలో, అంటే ఊరి నడిబొడ్డున, గది చవక, కానీ చీకటి పడ్డాక దుకాణాలు మూసేస్తారు, వీధులు ఖాళీ అవుతాయి. అక్కడ పగలే పని పెట్టుకోండి.

హోటల్‌లో దిగగానే పాస్‌పోర్ట్‌లోని ప్రవేశ ముద్ర చూపించండి. విదేశీ పర్యాటకులకు గది మీద 19 శాతం ఐవా పన్ను ఉండదు. బుకింగ్‌లో ఆ పన్ను కలిపి చూపిస్తే తీసెయ్యమని అడగండి. అపార్ట్‌మెంట్ తీసుకుంటే మాత్రం దానికి పర్యాటక రిజిస్ట్రేషన్ నంబరు, ఆర్ఎన్‌టీ అంటారు, ఉందో లేదో చూడండి. అది లేని చోట్ల వాచ్‌మన్ లోపలికి రానివ్వకపోవచ్చు.

విమానాశ్రయం ఊళ్ళో లేదు. రియోనెగ్రోలో, పీఠభూమి మీద ఉంటుంది. 2019లో కొండ లోపల సొరంగం తెరిచాక దారి బాగా తగ్గింది. ట్యాక్సీకి స్థిర ధర, లక్ష పెసోలు దాటుతుంది. బయట బస్సులుంటాయి, మనిషికి సుమారు ఇరవై వేలు, శాన్ దియేగో మాల్ దగ్గర దింపుతాయి. అక్కడి నుంచి లౌరెలెస్‌కి క్యాబ్ తీసుకోండి. పగలు దిగేట్టయితే బస్సు, రాత్రి పది దాటితే నేరుగా ట్యాక్సీ. ఇద్దరు, రెండు పెట్టెలు, కొత్త ఊరు, ఆ రాత్రి పూట మిగిలే వెయ్యీ రెండు వేల రూపాయలకు కక్కుర్తి పడొద్దు.

మెట్రో 1995 నుంచి నడుస్తోంది, ఊరికి అదే వెన్నెముక. ఎ లైన్ ఉత్తరం నుంచి దక్షిణానికి, బి లైన్ పడమటికి. రెండూ కలిసేది శాన్ ఆంతోనియోలో. ఒక ప్రయాణం సుమారు నాలుగు వేల పెసోలు. సివికా కార్డు తీసుకోండి, పెద్ద స్టేషన్లలో పాస్‌పోర్ట్ చూపిస్తే ఇస్తారు, దాంతో టికెట్ ఇంకొంచెం తగ్గుతుంది. పొద్దున ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా లోపల ఊపిరాడదు, ఆ వేళల్లో ఎక్కొద్దు. రైల్లో తినడం, నేల మీద కూర్చోవడం అక్కడి వాళ్ళు సహించరు.

చవగ్గా ఊరు చూడాలంటే ఇది చేయండి. ఎ లైన్‌లో అసెవెదో దాకా పోయి, స్టేషన్ బయటికి రాకుండా కె లైన్ కేబుల్ కారు ఎక్కండి. ఇది 2004లో మొదలైంది, కొండ మీది పేద వాడల వాళ్ళు పనికి దిగడానికి కట్టింది, టూరిస్టుల కోసం కాదు. అదే టికెట్‌తో సాంతో దొమింగో దాకా పోవచ్చు. కింద రేకుల ఇళ్ళు, మిద్దెలు, బట్టలు ఆరేసిన తీగలు, మొత్తం లోయ కనిపిస్తుంది. పైన అక్కడే ఎల్ లైన్ మారితే ఆర్వీ అడవి పార్కు. దానికి టికెట్ విడి, కొంచెం ఎక్కువ. సోమవారం ఎల్ లైన్ నడవదు. సోమవారం సెలవైతే ఆ మూత మంగళవారానికి జరుగుతుంది.

శెనక్కాయల_సీజన్ (అనంతపురం)

తిండి గురించి నేను చెప్తానండీ, శాకాహారం సంగతి ఎవరూ సరిగ్గా రాయరు.

మాంసం తినేవాళ్ళకు ఏ దిగులూ లేదు. మధ్యాహ్నం ఏ వీధి హోటల్‌కి పోయినా "మెనూ దెల్ దియా" అని పలక పెడతారు. సూపు, అన్నం, బీన్స్ లేదా పప్పు, మాంసం ముక్క, అరటికాయ వేపుడు, సలాడ్, ఒక జ్యూస్. అంతా కలిపి 15,000 నుంచి 22,000 పెసోలు. ఇది పన్నెండు నుంచి రెండున్నర దాకానే. మూడు దాటితే అదే హోటల్‌లో అదే పళ్ళెం విడిగా ఆర్డర్ చేయాలి, రేటు దాదాపు రెట్టింపు. కాబట్టి అక్కడ పెద్ద భోజనం మధ్యాహ్నమే చేయాలి, రాత్రికి తేలిగ్గా కానిచ్చేయాలి. తిండి ఖర్చు తగ్గించే కిటుకు ఇదొక్కటే, మిగతావన్నీ చిల్లర.

మీ ఆవిడకు ఈ పళ్ళెంలో అసలు మోసం బీన్స్ దగ్గర ఉంటుంది. చూడ్డానికి మన రాజ్మా లాగే ఉంటాయి, కానీ ఆ ప్రాంతంలో బీన్స్‌ని పంది ముక్క వేసే ఉడికిస్తారు. ముక్క తీసేసి పళ్ళెంలో వడ్డిస్తే "మాంసం లేదు" అని నిజాయితీగానే చెప్తారు. సూపుకు నీళ్ళు కూడా ఎముకల రసమే. అందుకని "సోయ్ వెహెతారియానా" (నేను శాకాహారిని) అని ఊరుకుంటే చాలదు. "సిన్ కార్నె, సిన్ పొయ్యో, సిన్ పెస్కాదో, సిన్ వెవో, సిన్ కాల్దో దె కార్నె" అని ఫోన్‌లో స్పానిష్‌లో రాసి పెట్టుకుని చూపించండి. మాంసం, కోడి, చేప, గుడ్డు, మాంసపు రసం, ఐదూ విడివిడిగా చెప్పాలి. ఉత్త కార్నె అంటే కొందరి లెక్కలో కోడి రాదు.

భయం లేకుండా తినగలిగేవి: మొక్కజొన్న రొట్టె అరెపా, ముఖ్యంగా తియ్య మొక్కజొన్నతో చేసి పైన పచ్చి జున్ను పెట్టే అరెపా దె చోకొలో. అరటికాయ నలిపి వేయించిన పతకోన్. పందికొవ్వులో కాకుండా నూనెలో వేయించారా అని అడగండి, "మంతేకా దె సెర్దో" అంటే పందికొవ్వు. బుఞుయెలో అని జున్ను ఉండలు ప్రతి బేకరీలో వేడివేడిగా ఉంటాయి, కానీ చాలాచోట్ల పిండిలో గుడ్డు కలుపుతారు, మీ ఆవిడకు కుదరదు. ఎంపనాదాలో లోపల బంగాళాదుంపతో పాటు మాంసం ఉంటుందనే అనుకోండి.

పండ్లు మాత్రం ఊరంతా తినొచ్చు. లూలో, మరకుయా, మన సీతాఫలం చుట్టమైన గ్వనాబనా, జామ. జ్యూస్ నీళ్ళతో కావాలంటే "ఎన్ ఆగ్వా", పాలతో కావాలంటే "ఎన్ లెచె". పచ్చి మామిడి కోసి ఉప్పు, నిమ్మకాయ పిండి వీధిలో అమ్ముతారు, మనకు పరాయిగా ఉండదు. కారం అసలు ఉండదు, కారప్పొడి సీలు వేసిన ప్యాకెట్‌లో పెట్టుకోండి. నూనె పచ్చళ్ళు పెట్టెలో కారితే అమెరికా కస్టమ్స్‌లోనూ, బట్టల్లోనూ ఇబ్బందే.

పంపు నీళ్ళు నేరుగా తాగొచ్చు. ఊరి నీటి సరఫరా బాగుంటుంది. సీసాలు కొనే ఖర్చు మిగులుతుంది.

రాత్రికి వంట చేసుకునే ఆలోచన ఉంటే వంటగది ఉన్న గది తీసుకోండి. డె-ఉనో, ఆరా అనే చవక దుకాణాల్లో బియ్యం, మసూర్ లాంటి పప్పు, ఉల్లి, టమాటా, పాలు, పెరుగు అన్నీ దొరుకుతాయి. కందిపప్పు వెతకొద్దు. కూరగాయలకైతే మినొరిస్తా మార్కెట్ చవక, పొద్దున పూట పోవాలి.

సప్తగిరి_సర్కిల్

ముగ్గురికీ దండం. తమ్ముడికి చెప్పేశా, వాడు రావడం లేదు. అక్కా, చిన్న రైస్ కుక్కర్ ఇక్కడి నుంచే తీసుకుపోదామా? ఇంకా భద్రత గురించి ఎవరూ చెప్పలేదు. డబ్బు డాలర్లు తీసుకుపోవాలా, కార్డా?

టవర్_క్లాక్_కింద (అనంతపురం)

కుక్కర్ మోయొద్దన్నా. అక్కడ కరెంటు 110 వోల్టులు, 60 హెర్ట్జ్. మన 230 వోల్టుల కుక్కర్ ప్లగ్ మార్చి పెట్టినా కాలదు, పేలదు, కానీ సగం వోల్టేజికి నాలుగో వంతు వేడే ఇస్తుంది. 700 వాట్లది 170 వాట్లకు పడిపోతే బియ్యం నానుతుంది తప్ప ఉడకదు. డల్లాస్‌లో మీ తమ్ముడింట్లో ఉన్నది పట్టుకుపొండి. అమెరికా, కొలంబియా రెండుచోట్లా అదే వోల్టేజి, అవే పలక పిన్నుల ప్లగ్గులు. ఫోన్ ఛార్జర్ మీద 100–240 అని ఉంటే దానికి అడాప్టర్ ఒక్కటి చాలు.

డబ్బు: రూపాయలు అక్కడ ఎవరూ మార్చరు, యూపీఐ లేదు. చిన్న కొట్లలో "నెకీ" అని వాళ్ళ ఫోన్ చెల్లింపు అడుగుతారు, అది మనకు కుదరదు. కాబట్టి నగదు ఎప్పుడూ ఉండాలి. 200, 300 డాలర్లు మడత, మరక లేని నోట్లు దగ్గర ఉంచుకోండి, మిగతా ఏటీఎం. మాల్ లోపలి ఏటీఎంలే వాడండి. మెషిన్ "మీ కరెన్సీలో తీసుకోమంటారా" అని అడిగితే వద్దు అనే నొక్కండి, ఒప్పుకుంటే రేటు వాళ్ళ ఇష్టం. మన బ్యాంకు ఒకటి కోస్తుంది, అక్కడి బ్యాంకు ప్రతిసారీ విడిగా కోస్తుంది, అందుకని నాలుగుసార్లు కొంచెం కొంచెం కాకుండా ఒకేసారి ఎక్కువ తీయండి. బయలుదేరే ముందు బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం, ఏటీఎం, స్వైపింగ్ మూడూ విడివిడిగా ఆన్ చేయాలి, ఒకటి మరిచిపోయినా కార్డు పని చేయదు. లక్ష పెసోల నోటు కొట్లో ఇస్తే చిల్లర లేదంటారు. దాన్ని సూపర్‌మార్కెట్‌లో మార్చుకోండి. హోటల్ బిల్లులో పది శాతం ప్రొపీనా, అంటే టిప్పు, కనిపిస్తుంది, అది మన ఇష్టం. వేయమంటారా అని వాళ్ళే అడుగుతారు.

భద్రత: మధ్యవయసు దంపతులకు అక్కడ ఉండే అసలు ప్రమాదం ఫోన్. ఫుట్‌పాత్ అంచున నిలబడి మ్యాప్ చూస్తుంటే బైకు మీద వచ్చి లాక్కుపోతారు. దారి చూడాలంటే ఏదైనా షాపు లోపలికి వెళ్ళి చూడండి. పాస్‌పోర్ట్ గదిలో లాకర్‌లో పెట్టి, ఫొటో పేజీ, ప్రవేశ ముద్ర ఉన్న పేజీ జిరాక్స్ వెంట ఉంచుకోండి. రాత్రి పూట వీధిలో ట్యాక్సీ ఆపొద్దు, యాప్‌లో పిలవండి. ఊబర్, దీదీ, ఇన్‌డ్రైవ్ మూడూ నడుస్తాయి. ఊబర్‌కు చట్టపరంగా స్పష్టత లేదు, అందుకే డ్రైవర్ ఒకరిని ముందు సీట్లో కూర్చోమంటాడు, కంగారు పడొద్దు. తాగే వాటిలో మత్తు కలిపి దోచుకోవడం అక్కడ పాత రోగం. ముక్కూమొహం తెలియని వాళ్ళు ఇచ్చే పానీయం, సిగరెట్, చూయింగ్ గమ్ ఏదీ వద్దు. ఎక్కువగా డేటింగ్ యాప్‌లలో కలిసిన ఒంటరి మగాళ్ళు బలవుతారు. 2023 చివర్లో ఎనిమిది మంది అమెరికన్లు అనుమానాస్పదంగా చనిపోతే, మరుసటి జనవరిలో అమెరికా ఎంబసీ హెచ్చరిక ఇచ్చింది. ఇది చదివే కుర్రోళ్ళు గుర్తు పెట్టుకోండి. ఎమర్జెన్సీ నంబరు 123.

ఇంగ్లీషు నిజంగానే తక్కువ. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో స్పానిష్ ఆఫ్‌లైన్ ప్యాక్, ఊరి మ్యాప్ ఆఫ్‌లైన్‌లో డల్లాస్‌లోనే దించుకోండి.

అడ్రసు చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. కయ్యె అంటే తూర్పు పడమర వీధి, కరెరా అంటే ఉత్తర దక్షిణ వీధి. "కయ్యె 44 # 70-25" అని ఉంటే, 44వ కయ్యె మీద, 70వ కరెరా మూల నుంచి సుమారు 25 మీటర్లు. లౌరెలెస్‌లో మాత్రం వీధులు గుండ్రంగా తిరుగుతాయి, అక్కడ ఈ లెక్క చెడుతుంది, మ్యాప్ చూసే పోవాలి.

కొండారెడ్డి_బురుజు

సెంట్రో గురించి పెన్న ఒడ్డు చెప్పినదానికి ఒక మాట కలుపుతా. పగలు తప్పక పోవాలి. పార్కె బెర్రియో స్టేషన్ దిగగానే బొతెరో చౌరస్తా. ఫెర్నాందో బొతెరో తన ఊరికి ఇచ్చిన 23 కంచు బొమ్మలు, లావుపాటి మనుషులు, గుర్రం, పిల్లి, అన్నీ ఆరుబయట, ఉచితం. యూనివెర్సిదాద్ స్టేషన్ దగ్గర బొటానికల్ గార్డెన్ ఉచితం. మెమొరీ మ్యూజియం, కాసా దె లా మెమోరియా, అదీ ఉచితమే. దేశం లోపల జరిగిన యుద్ధం, అపహరణలు, మాయమైనవాళ్ళ కథ బాధితుల మాటల్లోనే ఉంటుంది. దాన్ని చూశాకే కొమునా 13 అనే పేటకి పోతే అక్కడి గోడబొమ్మలు అర్థమవుతాయి. 2002 అక్టోబర్‌లో సైన్యం ఆ పేట మీద ఒరియోన్ ఆపరేషన్ చేసింది, గోడల మీద ఉన్నదాంట్లో చాలా వరకు ఆ జ్ఞాపకమే. బి లైన్ చివరి స్టేషన్ శాన్ హవియెర్. 2011లో పెట్టిన ఎస్కలేటర్లు ఎక్కడానికి డబ్బు అడగరు, ఎవరైనా అడిగితే ఇవ్వొద్దు. వారం మధ్యలో పొద్దున పదిలోపు పోండి, శని ఆదివారాలు తిరునాళ్ళ జనం.

డ్రగ్ ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ పేరు మీద అమ్మే టూర్లకు డబ్బు తగలేయొద్దు. ఊరి వాళ్ళకు అవి కంపరం. ఆయన ఉన్న మొనాకో భవనాన్ని 2019 ఫిబ్రవరిలో కూల్చేసి బాధితుల స్మారక పార్కు కట్టారు. చూడాలంటే అది చూడండి, టికెట్ లేదు.

పెన్న_ఒడ్డు

గ్వతపే ఎవరూ చెప్పలేదే! ఒక రోజు దానికి పెట్టండి. ఎ లైన్‌లో కరీబె స్టేషన్ దిగితే దాన్ని ఆనుకునే ఉత్తర బస్‌స్టాండ్. అక్కడి నుంచి రెండు గంటలు, టికెట్ ఇరవై వేలకు అటూ ఇటూ. ఊళ్ళోకి పోకుండా ముందు "లా పియెద్రా" దగ్గర దిగండి. ఒంటి బండ, పైకి ఏడు వందలకు పైగా మెట్లు, ప్రవేశ రుసుము ఉంటుంది. పొద్దున తొమ్మిదిన్నర లోపు ఎక్కితే ఎండా, జనమూ తప్పుతాయి. పై నుంచి కనిపించే నీళ్ళు సరస్సు కాదు, కరెంటు కోసం కట్టిన ఆనకట్ట వెనక నీళ్ళు. పాత పెఞోల్ ఊరు 1978లో ఆ నీళ్ళలో మునిగింది. శ్రీశైలం ముంపు తెలిసిన మన జిల్లాల వాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

దిగాక ఆటోలో గ్వతపే ఊరికి పోయి, వేరే పని చేయకముందే బస్ ఆఫీసులో తిరుగు టికెట్ కొనండి. సాయంత్రం నాలుగు తర్వాత సీట్లు అయిపోతాయి, అప్పుడు క్యూలో రెండు బస్సులు వదులుకోవాలి. ఆదివారం, సోమవారం సెలవు వచ్చిన వారాంతం అసలు పోవద్దు. కొలంబియాలో చాలా పండగ సెలవులు చట్ట ప్రకారమే సోమవారానికి జరుపుతారు, ఊరు ఊరంతా గ్వతపేలోనే ఉంటుంది. మీ తేదీల్లో అలాంటి సోమవారం ఉందేమో క్యాలెండర్‌లో చూసుకోండి.

మీ బడ్జెట్ లెక్క కూడా కట్టా, వేల పెసోల్లో: గది రోజుకు 150 చొప్పున ఎనిమిది రాత్రులకు 1,200. తిండి మనిషికి రోజుకు 55 చొప్పున ఇద్దరికి 880. మెట్రో, అప్పుడప్పుడు క్యాబ్ 250. గ్వతపే ఇద్దరికి 200. విమానాశ్రయం రానూపోనూ ఒకటి బస్సు ఒకటి ట్యాక్సీ 180. మ్యూజియం, ఆర్వీ, సిమ్ 200. మొత్తం 2,910 వేలు, సుమారు 67,000 రూపాయలు. ఏటీఎం కోతలు, జ్వరం మందులు, మీ ఆవిడ కొనే కాఫీ ప్యాకెట్లు కలిపినా 85,000 దాటదు. జాతర వారంలో అయితే గది ఒక్కటే రెట్టింపు వేసుకోండి, అప్పటికీ మీ లక్షా ఇరవైలోనే ఉంటుంది.

సప్తగిరి_సర్కిల్

భలే లెక్క కట్టావు సామీ. జాతర అయిపోయాకే పోతాం. బెంగళూరులో టీకాకు ఏ రోజు వేస్తారో రేపు ఫోన్ చేసి కనుక్కుంటా. ఒక్క డౌటు: డల్లాస్ నుంచి నేరుగా పోవాలా, ఫ్లోరిడా మీదుగానా?

టవర్_క్లాక్_కింద

రెండూ వెతికి చూడన్నా. మయామి, ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచి మెడెయిన్ మూడున్నర గంటలే, చవక విమానాలు ఎక్కువ. కానీ చూపించే టికెట్ రేటులో చేతి సంచి ఒక్కటే కలిసి ఉంటుంది. క్యాబిన్ పెట్టెకు, సీటుకు, కొన్నింటిలో కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ ముద్రించడానికి కూడా విడిగా కట్టించుకుంటారు. పెట్టె ఆన్‌లైన్‌లో ముందే కొంటే తక్కువ, గేటు దగ్గర కొంటే రెట్టింపు పైమాటే. పెద్ద పెట్టెలు తమ్ముడింట్లో వదిలేసి ఇద్దరికీ ఒకటే పెట్టె తీసుకోండి. రెండు విడి టికెట్లు కొంటే మధ్యలో కనీసం నాలుగు గంటలు పెట్టుకోండి. మొదటిది లేటైతే రెండోవాళ్ళు పైసా వెనక్కివ్వరు. తిరిగొచ్చేటప్పుడు ఫ్లోరిడాలోనే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ రెండూ అవుతాయి, అక్కడ ఇంకో గంట కలపండి. ఇండియా తిరుగు టికెట్ ప్రింటు చేతిలో ఉంచుకోండి. బి2 మీద మళ్ళీ లోపలికి వస్తున్నారు కాబట్టి ఆఫీసర్ ఎప్పుడు పోతారని అడుగుతాడు, కొత్త ఐ-94 అప్పుడే ఇస్తారు.